పాలు విరిగితే వండాలా, పారబోయాలా? వంటింటి ప్రశ్నలకు జవాబులు

ఎండలు ముదిరేసరికి విజయవాడ, గుంటూరు పాఠకుల ప్రశ్నలు పాలగిన్నె చుట్టూనే తిరుగుతున్నాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం విరిగిన పాలకూ పులిసిన పెరుగుకూ ఇచ్చేశాం.

ప్ర: పొద్దున ఆరింటికి పాల ప్యాకెట్ వస్తుంది. పనుల్లో పడి ఒక్కోరోజు తొమ్మిదింటిదాకా గట్టుమీదే ఉండిపోతుంది. కాచబోతే విరిగిపోతాయి. "మరిగాయిగా, ఏం కాదు, కోవా చేసెయ్" అంటారు మా అత్తగారు. పారబోయమంటారు మావారు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జ: మే నెలలో మూడు గంటలు బయట ఉన్న పాలైతే మీవారి మాటే వినండి. మరిగితే క్రిములు చస్తాయన్నంతవరకు అత్తగారి మాటా నిజమే. కానీ క్రిములు చచ్చేలోపు పాలలోకి వదిలిన విషం అన్నిసార్లూ చావదు. చేతి పుండ్లమీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి పాలలో పడి పెరిగితే అది చేసే విషం మరిగించినా అలాగే ఉంటుంది. వాసన ఉండదు, రుచీ మారదు. అది కడుపులో పడితే గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి.

పెద్దవాళ్ళ అనుభవం తప్పని కాదు, పాలు మారాయి. గేదె దగ్గర పితికి తెచ్చిన పచ్చిపాలలో పులుపు చేసే లాక్టిక్ క్రిములు బోలెడు ఉంటాయి. అవే ముందు పెరిగి మిగతావాటిని అణిచేవి. ప్యాకెట్ పాలను డెయిరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసి చల్లబరుస్తారు. ఆ వేడికి రోగాలు తెచ్చే క్రిములతోపాటు ఈ లాక్టిక్ క్రిములూ చాలావరకు పోతాయి. బాసిల్లస్ అనే జాతి క్రిముల, వేడిని తట్టుకునే బీజాలు మాత్రం బతుకుతాయి. తర్వాత ప్యాకెట్ బయట వేడెక్కితే, మిగిలినవీ కొత్తగా చేరినవీ ఏవి పడితే అవి పెరుగుతాయి. అందుకే ఈ పాలు కొన్నిసార్లు పులవకుండానే విరుగుతాయి, కొన్నిసార్లు చేదెక్కుతాయి.

ఇంకో సంగతి తెలిస్తే కింది జవాబులు సగం మీరే చెప్పేస్తారు. తాజా పాల పీహెచ్ 6.6 నుంచి 6.8 ఉంటుంది. ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతున్నట్టు. వేడి తగలకుండా పాలు తమంతట తాము గడ్డకట్టాలంటే అది 4.6కు దిగాలి, అది పెరుగు పులుపు. మరిగేటప్పుడు మాత్రం 6 కంటే కాస్త కిందికి జారినా చాలు, విరిగిపోతాయి. అంటే పొయ్యిమీద విరిగిన పాలు పెరుగంత పులుపు కానే కావు. పెరుగును కాపాడే పులుపు వీటికి లేదు. పెరుగులాగా నిల్వ ఉండవు, పెరుగు వేసేచోటల్లా పనికిరావు.

మరి వాడుకోదగ్గవి ఏవంటే, ఫ్రిజ్‌లోంచి తీసి లేదా ప్యాకెట్ అందిన రెండు గంటల్లోపు (ఎండలు మండేటప్పుడు గంటలోపు) పొయ్యెక్కించినవి. గిన్నెలో పోసినప్పుడు మామూలు పాలలా ఉండి, మరిగేటప్పుడు మాత్రమే విరిగినవి. పుల్లటి వాసన కొద్దిగా ఉండొచ్చు, కుళ్ళు వాసన ఉండకూడదు. ఈ షరతులన్నీ కుదిరితే అయిదు నిమిషాలు బాగా మరగనిచ్చి ఆ రోజే వండి ఆ రోజే తినేయండి. ప్యాకెట్ ఉబ్బినా, వేడి చెయ్యకముందే గడ్డలు కనిపించినా, గరిటెతో ఎత్తితే తీగలా సాగినా, గులాబీ లేదా పసుపు చాయ తేలినా, ఎంతసేపు బయట ఉన్నాయో ఇంట్లో ఎవరికీ తెలియకపోయినా పారబోయండి. నాలుకమీద వేసుకుని పరీక్షించవద్దు.

అనుమానపు పాలను కొత్త పాలలోనో పాయసంలోనో పోసేముందు రెండు చెంచాలు చిన్న గరిటెలో విడిగా మరిగించి చూడండి. పాల సేకరణ కేంద్రాల్లో చేసే పరీక్షా ఇదే. కాస్త పాలు గాజు గొట్టంలో పోసి, మరిగే నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచి, గడ్డ కడుతుందేమో చూస్తారు. రెండు చెంచాలు పోతే పోయాయి, లీటరు పాయసం దక్కుతుంది.

ప్ర: విరిగిన పాలతో కోవా చేస్తే ఒకసారి ఇసకలా పొడిపొడిగా, ఇంకోసారి రబ్బరులా వస్తోంది. అడుగున పులుపు కూడా. లోపం ఎక్కడ?
– బ్రాడీపేట, గుంటూరు

జ: మూడు లోపాలకీ మూడు కారణాలు. పాలు సగమే విరిగితే, తెల్లటి నీళ్ళలో సన్నటి రవ్వ మిగిలి కోవా ఇసకలా వస్తుంది. విరిగాక కూడా పెద్ద మంటమీద మరిగిస్తూ కూర్చుంటే ముద్ద బిగిసి రబ్బరవుతుంది. ఇక విరిగిన నీళ్ళతో సహా ఇగరబెట్టేవాళ్ళున్నారు, ఆ నీళ్ళలోని పులుపంతా చిక్కబడి అడుగున చేరుతుంది.

లీటరు పాలకు ఇలా చేసి చూడండి. పాలు విరగడం మొదలయ్యాక ఇందాక చెప్పిన అయిదు నిమిషాలు సన్న సెగమీదే మరగనిచ్చి, నీళ్ళు ఇంకా తెల్లగానే ఉంటే రెండు టీస్పూన్ల నిమ్మరసంలో అంతే నీళ్ళు కలిపి చుట్టూ పోయండి. గరిటెతో గట్టిగా కలపవద్దు, గిన్నె అంచునుంచి ఒకటి రెండుసార్లు తిప్పితే చాలు. నీళ్ళు లేత ఆకుపచ్చగా తేరుకోగానే స్టవ్ ఆపేయండి. పలుచటి నూలుగుడ్డలో వడకట్టి, గుడ్డలో మిగిలిన విరుగుడుమీద చల్లటి మంచినీళ్ళు రెండుసార్లు పోసి కడగండి. పులుపు పోవడానికి ఇదొక్కటే దారి, పంచదార ఎక్కువ వేస్తే పోదు. గుడ్డ మూటగట్టి అరగంట వేలాడదీయండి. ఆరు శాతం వెన్న ఉండే ఫుల్‌క్రీమ్ పాలైతే 180 నుంచి 200 గ్రాములు, మూడు శాతం ఉండే టోన్డ్ పాలైతే 150 గ్రాములకు అటూఇటూ వస్తుంది. డబుల్ టోన్డ్ పాల విరుగుడుతో తీపి చెయ్యకండి, వెన్న లేక ఎంత నెయ్యి పోసినా ఎండినట్టే ఉంటుంది.

మందపాటి మూకుట్లో టేబుల్ స్పూన్ నెయ్యి వేసి, చేత్తో మెదిపిన విరుగుడును సన్న సెగమీద నాలుగు నిమిషాలు వేయించండి. 60 నుంచి 70 గ్రాముల పంచదార వేస్తే మళ్ళీ నీరవుతుంది, కంగారుపడొద్దు. ఆరేడు నిమిషాలు కలుపుతూ ఉంటే అంచులు వదులుతుంది. ఇంకా మెత్తగా ఉండగానే దించి యాలకుల పొడి కలపండి. చల్లారితే ఎలాగూ గట్టిపడుతుంది.

రసగుల్లా జోలికి మాత్రం వెళ్ళకండి. దానికి తాజా ఆవుపాలను కొలత ప్రకారం విరగ్గొట్టిన మెత్తటి విరుగుడు కావాలి. గేదె పాలది బిరుసు, పాకంలో పొంగదు.

మా ఓటు అసలు తీపికి కాదు, పొరటుకి. రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి, కరివేపాకు నూనెలో వేగాక పసుపు, ఉప్పు, అర టీస్పూన్ గుంటూరు కారం వేసి, లీటరు పాల విరుగుడును చిదిమి వేసి మూడు నిమిషాల్లో దించేయండి. కొత్తిమీర చల్లితే కోడిగుడ్డు పొరటుకి ఏమాత్రం తీసిపోదు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటితో ముగించండి.

ప్ర: విరిగిన నీళ్ళు బలమని చెబితే వాటితోనే కందిపప్పు ఉడికించాను. కుక్కర్ ఎన్ని కూతలు వేసినా పప్పు పలుకుగానే ఉంది. ఎందుకని?
– భవానీపురం, విజయవాడ

జ: పులుపున్న నీళ్ళలో పప్పు మెత్తబడదు. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని తెలిసిందేగా, ఇదీ అదే. పైగా ఈ నీళ్ళలో కాల్షియం ఉంటుంది, అదీ పప్పును బిగిస్తుంది. ముందు మామూలు నీళ్ళలో మెత్తగా ఉడికించి, మెదిపాక పోయండి. లీటరు పాలకు ముప్పావు లీటరు దాకా నీళ్ళు దిగుతాయి. చారులో సగం నీళ్ళకు బదులు ఇవి పోసి చింతపండు కాస్త తగ్గించవచ్చు. చపాతీ పిండి రెండు కప్పులకు ముప్పావు కప్పు సరిపోతుంది, రొట్టె మెత్తగా వస్తుంది. ఆ పిండిని ఆ పూటే వత్తేయాలి.

ప్ర: వేసవిలో పాలు విరగకుండా కాచేముందు చిటికెడు వంట సోడా వేస్తే ఆగుతాయని పక్కింటి పిన్నిగారు చెప్పారు. నిజంగానే ఆగుతున్నాయి. రోజూ వెయ్యవచ్చా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జ: వద్దు. సోడా పులుపును చంపుతుంది, క్రిములను కాదు. పాలు విరగడం మీకు అందే హెచ్చరిక. ఆ హెచ్చరిక నోరు నొక్కేసి, పాడైన పాలను పిల్లల గ్లాసులో పోస్తున్నట్టు. సోడా వల్ల పాలకు సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ దెబ్బతింటుంది, తోడు వేస్తే పెరుగు సరిగా పేరుకోదు. అమ్మే పాలలో ఇలాంటివి కలపడం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కల్తీ కిందే లెక్క. అమ్మేవాడు చేస్తే కల్తీ అయినది మనింట్లో చేస్తే చిట్కా ఎలా అవుతుంది?

విరగకుండా ఉండాలంటే చెయ్యాల్సింది వేరే. ప్యాకెట్ అందగానే కాచండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ తలుపు అరలో కాదు, లోపల వెనకవైపు. తలుపు తీసినప్పుడల్లా ముందు వేడెక్కేది ఆ అరే. కాచిన పాలగిన్నెను వెడల్పాటి పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి అందులో పెడితే అరగంటలో చల్లారుతుంది, అప్పుడు ఫ్రిజ్‌లోకి. నిన్నటి పాలలో ఇవాళ్టివి కలపకండి. నిన్న రాత్రి పులుసు వండిన గిన్నెలో అంచున మిగిలిన చింతపండు మరక కూడా పాలను విరగ్గొట్టవచ్చు.

ప్ర: మైసూర్ బజ్జీ పిండిలో పెరుగు లేక విరిగిన పాలు పోసి కలిపాను. సోడా మామూలుగానే వేశాను. బజ్జీలు పొంగలేదు, లోపల పసుపుపచ్చగా మారి సబ్బు వాసన. బండిమీద అమ్మేవి అంత గుల్లగా ఎలా వస్తాయి?
– లక్ష్మీపురం, గుంటూరు

జ: మొదటి జవాబులో చెప్పిన అంకె ఇక్కడ పనికొస్తుంది. సోడా గాలి వదలాలంటే పులుపు తగలాలి. అర టీస్పూన్ సోడాకు ఒక కప్పు పుల్లటి పెరుగు కావాలి. విరిగిన పాలలో అంత పులుపు లేదు గనక సోడా చాలావరకు పిండిలోనే మిగిలిపోయింది. ఆ పసుపు రంగు, సబ్బు వాసన దానివే.

రెండు కప్పుల మైదా, రెండు టేబుల్ స్పూన్ల బియ్యప్పిండి, ఒక కప్పు చిక్కటి పుల్లపెరుగు, ఉప్పు, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి తరుగు తీసుకోండి. నీళ్ళు కొద్దికొద్దిగా చల్లుతూ, పిండి చేతినుంచి నెమ్మదిగా జారేంత చిక్కగా కలపండి. మూడు నాలుగు నిమిషాలు చేత్తో గట్టిగా గిలకొట్టాలి. బండివాళ్ళ గుట్టు సగం ఇక్కడే ఉంది. రెండు గంటలు మూతపెట్టి ఉంచి, నూనె కాగాక అప్పుడు అర టీస్పూన్ సోడా కలపండి. ముందే కలిపితే పుట్టిన గాలి మూకుట్లోకి చేరేలోపే పోతుంది. తడిచేత్తో వదిలి మధ్యస్థం మంటమీద వేయించండి. మంట పెద్దదైతే పైన ఎర్రబడి లోపల పిండి మిగులుతుంది.

పెరుగు లేకపోతే మంచి పాలే కప్పు తీసుకుని టేబుల్ స్పూన్ నిమ్మరసం పిండి పది నిమిషాలు ఆగండి. ఎప్పుడు పాడయ్యాయో తెలియని పాలకంటే మీ చేతులతో పులుపెక్కించిన పాలు నయం.

ప్ర: ఊరమిరపకాయలకు పుల్లమజ్జిగ తక్కువైంది. విరిగిన పాల నీళ్ళు కలిపి ఊరబెట్టవచ్చా?
– గుంటూరు జిల్లా పాఠకురాలు

జ: కలపకండి. ఒక పూటలో వండి తినేసే చారు వేరు, మూడు రోజులు బయట ఊరేది వేరు. ఈ నీళ్ళలో పులుపు తక్కువ, పాల చక్కెర ఎక్కువ. రెండో రోజుకే బూజు, జిగురు, కాడలు మెత్తబడి వాసన. మజ్జిగ తక్కువైతే కాయలు తగ్గించండి.

కిలో లావుపాటి పచ్చిమిర్చికి లీటరుంపావు చిక్కటి పుల్లమజ్జిగ, సుమారు 150 గ్రాముల ఉప్పు కావాలి. కాయ చివర కాస్త చీల్చితే మజ్జిగ లోపలికి దిగుతుంది, చివరినుంచి కాడదాకా కోస్తే గింజలన్నీ రాలిపోతాయి. రాత్రంతా మజ్జిగలో ఉంచి, పగలు తీసి ఎండలో పరచి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేయాలి. మజ్జిగ గిన్నె కూడా పగలు ఎండలోనే ఉండాలి. మూడు రోజులకు మజ్జిగ ఇంకిపోతుంది. తర్వాత కాయ ఊపితే గింజ గలగలలాడేదాకా ఎండబెట్టండి. ఈ ఎండలకు నాలుగు రోజులు చాలు. మబ్బు పట్టిన వారంలో మొదలుపెట్టకండి.

ప్ర: పాలు మంచివే, కానీ అల్లం వేసిన టీ విరుగుతుంది. బెల్లం పరమాన్నం కూడా అంతే.
– అరండల్‌పేట, గుంటూరు

జ: పచ్చి అల్లంలో పాల మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. అల్లాన్ని ముందు నీళ్ళలో రెండు మూడు నిమిషాలు తెర్లనిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. పాలు ఆ తర్వాత పోయండి. బెల్లంలో సహజంగానే కొంత పులుపుంటుంది. బెల్లాన్ని విడిగా పావు కప్పు నీళ్ళలో కరిగించి వడకట్టి, చల్లారనిచ్చి, స్టవ్ ఆపిన పది నిమిషాల తర్వాత పరమాన్నంలో కలపండి. కలిపాక మళ్ళీ మరిగించవద్దు.

ప్ర: రాత్రి పదకొండు నుంచి తెల్లవారు అయిదుదాకా కరెంటు లేదు. ఫ్రిజ్‌లో కాచిన పాలు, పెరుగు ఉన్నాయి. ఏది వాడొచ్చు?
– వన్‌టౌన్, విజయవాడ

జ: తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనం నిలుపుకుంటుంది. ఆరు గంటలైంది గనక పాలు పారబోయడమే మంచిది, చూడ్డానికి బాగున్నా సరే. పెరుగు ఇంకాస్త పులిసి ఉంటుంది, అంతే. మజ్జిగ పులుసు పెట్టుకోండి.

ప్ర: విరిగిన పాల విరుగుడు ఎనిమిది నెలల పాపకు పెట్టవచ్చా?
– మంగళగిరి

జ: పెట్టకండి. గర్భిణులు, ముసలివాళ్ళు, జబ్బుచేసి లేచినవాళ్ళు ఉన్న ఇంట్లో వాళ్ళకీ వద్దు. పాపకు తాజా పాలను నిమ్మరసంతో విరగ్గొట్టి పెట్టండి.

ప్ర: విరిగిన పాలు చల్లార్చి తోడు వేస్తే పెరుగవుతుందా? నాలుగు రోజుల పెరుగు మజ్జిగ పులుసుకి పనికొస్తుందా? మా ఇంట్లో పులుసు ఇత్తడి గిన్నెలోనే కాస్తారు, అదీ ఒక్కోసారి విరుగుతోంది.
– తెనాలి

జ: అవదు. పెరుగు పేరుకోవాలంటే పాల మాంసకృత్తులు ఇంకా గడ్డకట్టకుండా ఉండాలి, అవి ఎప్పుడో ముద్దయిపోయాయి. నీళ్ళలో తేలే గడ్డలే మిగులుతాయి.

నాలుగు రోజుల పెరుగు ఫ్రిజ్‌లో ఉన్నదైతే పులుసుకి అదే బాగుంటుంది. ముందు పైన చూడండి. ఆకుపచ్చ, నలుపు, గులాబీ, నారింజ రంగుల్లో ఏ చుక్క కనిపించినా గిన్నె మొత్తం పారబోయండి. చుక్క ఉన్నచోట చెంచాతో తీసేసి మిగతాది వాడితే లాభం లేదు, బూజు వేళ్ళు కంటికి కనబడనంత లోతుకి దిగుతాయి. నురగ తేలి కల్లు వాసన వచ్చినా అంతే.

పులుసు విరగకుండా ఉండాలంటే పావు లీటరు పెరుగులో అర లీటరు నీళ్ళు పోసి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల శెనగపిండి ఉండల్లేకుండా కలిపి, స్టవ్ వెలిగించకముందే బాగా చిలకండి. పిండి పెరుగు రేణువుల చుట్టూ చేరి వాటిని ముద్దకట్టనివ్వదు. ఉడికించిన సొరకాయ ముక్కలు వేసి, సన్న సెగమీద కలుపుతూ ఒక్క పొంగు రాగానే దించి తాలింపు పెట్టండి.

ఇత్తడి గిన్నెకు లోపల కళాయి (తగరపు పూత) తెల్లగా, ఎక్కడా పసుపు తేలకుండా ఉంటేనే పులుపు వండాలి. కళాయి పోయినచోట పులుపు తగిలితే ఇత్తడిలోని రాగి కరిగి పులుసులో కలుస్తుంది, అది వాంతులకు, కడుపునొప్పికి దారితీస్తుంది. కళాయి పెట్టించేదాకా స్టీలు గిన్నెలోనో రాతిచిప్పలోనో కాచుకోండి. అల్యూమినియం గిన్నెలో పులుసు రాత్రంతా వదిలేయకండి.